శుక్రవారం ప్రస్థానం

అదేంటండీ, పది దాటితే ఇంక లోపలికి రానివ్వమంటే ఎలాగండీ? బస్సులు మీ గోడ గడియారం చూసుకుని నడుస్తాయా? మీ ప్యూనుగారైతే మమ్మల్ని చూసి చెయ్యి ఇలా ఊపేశాడు, ఈగని తోలినట్టు. నేనూరుకుంటానా? తోసుకుని లోపలికొచ్చేశాను. తప్పేననుకోండి. క్షమించాలి.

బల్ల మీద మీ పేరు చదివానండి. సూర్యప్రకాశం గారు, మేనేజరు. నా పేరు సుబ్రహ్మణ్యం. ముక్తేశ్వరం దగ్గర మాది. పౌరోహిత్యం చేస్తాను. చుట్టుపక్కల ఐదారు ఊళ్ళలో పెళ్ళన్నా, గృహప్రవేశమన్నా, పిల్లాణ్ణి బళ్ళో వెయ్యాలన్నా నా దగ్గరికే వస్తారు ముహూర్తానికి.

అదిగో, ఆ వరండాలో బెంచీ మీద, నీలం చీర, ఒళ్ళో గుడ్డసంచీ. అది మా అమ్మాయండి. సీతారామలక్ష్మి. ఇవాళ పదింటికి టైపిస్టు పరీక్షకి రమ్మని మీరే ఉత్తరం రాశారు. ఇప్పుడెంతయింది? పన్నెండుంపావా! అమ్మో.

లోపల ఇంకా టకటకా వినిపిస్తోంది కదండీ? పరీక్షే అనుకున్నాను. కాదా? మీ ఆఫీసు వాళ్ళేనా? ఆఁ... అలాగా.

ఆలస్యం ఎందుకైందంటారా? హమ్మయ్య, అలా అడగండి. చెబుతాను. కూచోమంటారా? కూచుంటాను. మంచినీళ్ళు వద్దండి, బస్సులో తిప్పిన కడుపు ఇంకా గొంతులోనే ఉంది.

మా ఊరి నుంచి మీ రాజమండ్రికి రెండు దారులండి. ఒకటి పడమరకెళ్ళి, రావులపాలెం మీదుగా. గోల లేని దారి. పొద్దున్నే బస్సు. ఎక్కి కూచుంటే ఇక్కడే దిగడం. రెండోది తూర్పుకి. రేవు దాకా నడవాలి, పడవ దాటాలి, అవతల కోటిపల్లిలో బస్సెక్కాలి. ద్రాక్షారామం, రామచంద్రపురం, మండపేట, అన్నీ చూపించుకుంటూ తెస్తాడు వాడు. రోడ్డు సంగతి నన్నడక్కండి, నా నడుమునడగండి.

మరి మొదటి దారిలో రావచ్చుగా అంటారు. రాకూడదండి. ఇవాళ శుక్రవారమా? శుక్రవారం పడమర వారశూల. ఆ దిక్కుగా ప్రయాణం పెట్టుకోకూడదు. రాజమండ్రి కూడా మాకు పడమర పక్కేగా అంటారా? అబ్బ, బాగా పట్టుకున్నారే! అలా కాదండి. ఇంట్లోంచి తొలి అడుగు ఎటు పడిందన్నదే లెక్క. రేవు మా గుమ్మానికి తూర్పు.

అంతటితో అయిందా? కాలేదు. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు దాకా వర్జ్యమని చెప్పాను. వర్జ్యంలో మంచి పనికి గడప దాటతారా ఎవరన్నా? ఆరు దాటాక బయల్దేరితే పడవ దాటేసరికి ఏడు. కోటిపల్లిలో బస్సేమో ఆరుంపావుకి. అది తప్పితే మళ్ళీ ఎనిమిదిన్నరకి గానీ లేదు, అదీ రామచంద్రపురం దాకానే.

బుధవారం నాడు భోజనాల దగ్గర ఈ మాట చెప్పాను. అమ్మాయి అన్నం కలుపుతూ ఉండిపోయింది. మా ఆవిడ అమ్మాజీ ఉందే, ఆవిడ ఊరుకునే రకం కాదు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "వర్జ్యమైతే ఏవైందండీ? ప్రస్థానం పెట్టెయ్యండి" అంది.

ప్రస్థానం తెలుసుగా మీకు? మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళు చేసే ఉంటారు. ప్రయాణం నాడు వేళ బాగోకపోతే, ముందురోజే మంచి వేళ చూసి, వెళ్ళే మనిషి సామాన్లో ఓ వస్తువు ఇంకోళ్ళ పంచన పెట్టి రావాలి. వస్తువు బయల్దేరితే మనిషి బయల్దేరినట్టే. ఇక మర్నాడు వర్జ్యమైనా దుర్ముహూర్తమైనా దర్జాగా వెళ్ళచ్చు. పెట్టిన వస్తువుని మాత్రం మళ్ళీ ఇంటికి తేకూడదు.

ముప్ఫయ్యేళ్ళుగా ఊరందరికీ చెప్పుకుంటూ వచ్చిన ఉపాయం, మా ఆవిడ నాకే అప్పజెప్పింది! ఏమంటాను? సరేనన్నాను.

ఏ వస్తువు పెట్టాలి? రెండు వక్కలు పెట్టినా చాలండి. జాకెట్టు గుడ్డైనా చాలు. నేనేమన్నాను? "ఉద్యోగానికెళ్ళే పిల్లకి ముఖ్యమైనవి సర్టిఫికెట్లేగా, అవే బయల్దేరదీద్దాం" అన్నాను. పదో తరగతిది, టైపు లోయరుది, హయ్యరుది. హయ్యరు పోయినేడే, ఎనభై ఒకటిలో ప్యాసైందండి, ఫస్టు క్లాసు. మా ఊళ్ళో ఆడపిల్లల్లో ఇదే మొదలు. అన్నీ ఆ గుడ్డసంచీలో పెట్టి ఇచ్చింది. గురువారం సాయంత్రం నేనే పడవ దాటి, కోటిపల్లి రేవులో వెంకటరత్నం కొట్లో పెట్టొచ్చాను. కిరాణా కొట్టు. తరాల నుంచీ మేం వాళ్ళ పురోహితులం. ఎంతో మర్యాదగా తీసుకుని, తాళం వేసే అల్మరాలో పెట్టాడు.

ఇంక ఇవాళ చూడండి. ఐదింటికల్లా ఇంట్లోంచి బయటపడ్డాం. మొదటి పడవ అందింది. ఆరుకల్లా కోటిపల్లిలో ఉన్నాం. బస్సు సిద్ధంగా ఉంది. కండక్టరు పోతురాజు నాకు తెలిసినవాడే, వాళ్ళింటి శంకుస్థాపన నేనే చేయించాను. "పంతులుగారూ, రండి రండి" అని కిటికీలోంచి తువ్వాలు పడేసి మాకు రెండు సీట్లు కూడా ఆపాడు. అన్నీ ఉన్నాయి. వెంకటరత్నం కొట్టు మాత్రం తాళం వేసుంది.

వెంకటరత్నం కాపురం ద్రాక్షారామంలోనండి. శుక్రవారం ఇంట్లో అమ్మవారికి పూజ చేసుకుని, ఎనిమిదింటి బస్సుకి గానీ రాడు.

సర్టిఫికెట్లు లేకుండా వెళ్ళి ఏం చేస్తాం? మీ ఉత్తరంలో మీరే రాశారు, అసలు కాయితాలు లేకపోతే పరీక్షకి కూచోనివ్వమని. కింద ఎర్రసిరాతో గీత కూడా గీశారు.

పోతురాజు మంచివాడండి, పది నిమిషాలు బస్సాపాడు. లోపల్నించి టీచరమ్మలు కేకలు, వాళ్ళకీ బడి వేళవుతోంది మరి. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడు. చివరికి పోతురాజు నా వంక చూసి, తువ్వాలు తీసి భుజాన వేసుకుని, "రైట్" అన్నాడు. మా అమ్మాయి రోడ్డు మధ్యలో నించుంది. బస్సు వెనకాల నిచ్చెన ఉంటుంది చూశారూ, అది కనపడినంతసేపూ అలా నించునే ఉంది. ఏడవలేదండి. ఏడిస్తే బాగుండేది.

ఎనిమిదింటికి వెంకటరత్నం దిగాడు, నుదుట కుంకం బొట్టుతో. "అయ్యయ్యో, శుక్రవారం నేను ఆలస్యమని మీకు తెలియదాండీ?" అని ఒకటే బాధ. సంచీతో పాటు అరడజను చక్రకేళీ పళ్ళు కూడా చేతిలో పెట్టాడు. ఆ పళ్ళు బస్సులో నేను తిన్నాను. అదే కొంపముంచింది.

నాకు బస్సు పడదండి. చిన్నప్పట్నించీ అంతే. అమ్మాయికి తోడుగా బయల్దేరిన పెద్దమనిషిని, రామచంద్రపురం వచ్చేసరికి నా తల కిటికీలోంచి బయట, నా ధోవతి కొస దాని చేతిలో! అక్కడ ఇంకో బస్సెక్కితే, మండపేటలో ఇంక లాభం లేదని ఐదు నిమిషాలు దింపారు. కిళ్ళీకొట్టు దగ్గర నా మొహం కడిగింది. నిమ్మకాయ తెచ్చి ముక్కు దగ్గర పెట్టింది. జనమంతా నవ్వు. తోడొచ్చిందెవరో, తోడు తెచ్చుకుందెవరో తెలియడం లేదట వాళ్ళకి.

మీరూ నవ్వుతున్నారు. నవ్వండి నవ్వండి. నాకూ నవ్వే వచ్చింది కాసేపు.

ఆఁ? ఏంటండీ? ఇంత దూరం నుంచి రోజూ ఎలా వస్తుందంటారా? వస్తుందండీ! ఆరుంపావు బస్సు అందితే తొమ్మిదికల్లా ఇక్కడ. మీ ఆఫీసు పదింటికి. సాయంత్రం ఐదుంపావుకి ఇక్కణ్ణించి తిరుగు బస్సు, ఎనిమిదికల్లా కోటిపల్లి. ఆ బస్సు వస్తే గానీ ఆఖరి పడవ కదలదు. పడవ నడిపే అప్పాజీ నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. వర్షాకాలం గోదారి పోటు మీదున్నప్పుడు పడవలు ఆగితే, అప్పుడు రావులపాలెం దారి ఎలాగూ ఉంది. ఇక్కడ బస్టాండు నుంచి మీ ఆఫీసుకి నడిస్తే పన్నెండు నిమిషాలు. మేం ఇవాళ రిక్షా ఎక్కామనుకోండి, నా అవస్థ చూసి.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, వారం రోజులు ఆరా తీశానండి. మీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ. నాలుగు రోజులు వరసగా పొద్దున్నే రేవులో నించున్నాను. సంధ్యావందనానికొచ్చినట్టే ఉంటుంది కదా, ఎవరూ అడగరు. మా వైపు నుంచి నలుగురు ఆడపిల్లలు రోజూ దాటతారు. ఇద్దరు టీచరమ్మలు, ఓ నర్సు, కో ఆపరేటివ్ బ్యాంకులో ఇంకో అమ్మాయి. వాళ్ళని ఎవరన్నా ఏమన్నా అంటున్నారా, తోస్తున్నారా, పడవలో ఎక్కడ కూచుంటున్నారు, అవతలి రేవు దాకా వెళ్ళి అన్నీ చూశాను.

ఎవరూ ఏమీ అనలేదండి. పడవ దిగేటప్పుడు అప్పాజీ వాళ్ళకే ముందు చెక్కపలక వేస్తాడు. బస్సులో ముందు సీట్లు వాళ్ళవే. ఒకమ్మాయి డబ్బాలో పులిహోర తెచ్చింది, నలుగురూ అందులోనే చేతులు పెట్టి తినేశారు. నవ్వుకుంటూ ఎక్కారు, నవ్వుకుంటూ దిగారు. నన్ను చూసి "నమస్కారం పంతులుగారూ" అన్నారు.

అది చూశాక నాకు భయమేసిందండి.

ఎందుకంటారా... ఏం లేదు లెండి. మీ పని మీరు చూసుకోండి. పరీక్షకి వీలుందా లేదా చెబితే చాలు. ఒక్క పావుగంట. ఒక్క పేజీ కొట్టించి చూడండి. దాని వేళ్ళు కదలడం చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.

అయిపోయిందా? పేరు కూడా పైకి పంపించేశారా? ఎప్పుడు? పదకొండున్నరకే. ఆఁ. మీరేం చేస్తారు, మీ నిబంధనలు మీవి.

...

ఏమన్నారు? ఎవరి తప్పూ కాదు లెండి, ఖర్మ అనుకోమంటారా?

ఆ మాట మాత్రం అనకండి సూర్యప్రకాశం గారూ. ఇంకేమన్నా అనండి. నాకంటే చిన్నవారు మీరు, అయినా తిట్టినా పడతాను. ఖర్మ అనకండి. రోజుకి నలుగురికి ఆ మాట చెప్పి పంపించేవాణ్ణి, నాకు చెబుతారేంటండీ?

ఆ తలుపు కాస్త దగ్గరికి వేస్తారా? దానికి వినపడుతుందేమో.

ఇవాళ పొద్దున్న వర్జ్యం లేదండి.

లేదు. ఇవాళ వర్జ్యం సాయంత్రం నాలుగింటికి. పంచాంగంలో అచ్చేసి ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. నేను చెప్పింది అబద్ధం. శుక్రవారం శూల నిజమే, అంతవరకూ శాస్త్రమే. ఆ వర్జ్యం మాత్రం నేను పుట్టించాను. ఆరుంపావు బస్సు తప్పించడానికి ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఉండాలో లెక్కకట్టి మరీ పుట్టించాను.

మా ఆవిడ ప్రస్థానం అనేసరికి నా పాచిక పారలేదు. అప్పుడు సర్టిఫికెట్లు పెడదామన్నాను. రేవులో మూడు కొట్లున్నాయండి. కాఫీ హోటలు తెల్లవారుజామున నాలుగింటికే తీస్తారు. అందులో పెట్టచ్చు. వెంకటరత్నం కొట్లోనే పెట్టాను. శుక్రవారం ఆలస్యమని నాకు తెలియదా? ఆ పూజ ఎలా చెయ్యాలో అతనికి చెప్పిందే నేను!

ఎందుకు చేశానంటే ఏం చెప్పమంటారు? దారి దూరమని అనచ్చు. రోజులు బాగోలేదని అనచ్చు. అవి కాదండి. ఇన్నాళ్ళూ అది ఎక్కడికెళ్ళాలన్నా "నాన్నగారూ, ఎప్పుడు బయల్దేరదాం?" అని నన్నడిగేది. ఆ నలుగురు పిల్లలు ఎవర్నీ ఏమీ అడగట్లేదు. బస్సు వేళ చూసుకుంటున్నారు, వెళ్ళిపోతున్నారు. ఇదీ అలా వెళ్ళిపోతుందనిపించింది. వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేస్తుందని తెలుసు. అయినా అనిపించింది. ఓర్వలేకపోయాను. కన్నకూతురు నవ్వుకుంటూ బస్సెక్కుతుందని ఓర్వలేకపోయానండీ, ఇంతకంటే సిగ్గుచేటు ఉందా?

నా మాట మీద ఊళ్ళో ఎంతమంది తాళి కట్టారో, ఎన్ని ఇళ్ళు లేచాయో. ఎవరో పెద్దమనిషి, వాళ్ళ పొలం గొడవకి అనుకూలంగా ఓ తిథి అటూ ఇటూ చేసి చెప్పమని బతిమాలితే, మజ్జిగైనా తాగకుండా లేచొచ్చాను ఓసారి. అలాంటివాణ్ణి, ఒక్క అబద్ధం ఆడాను, అదీ నా పిల్లతో.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. దానికి తెలుసండి.

మండపేటలో మొహం కడిగింది అన్నానే, అప్పుడు. తుడుస్తూ, "వర్జ్యం సాయంత్రం కదా నాన్నగారూ" అంది. నెమ్మదిగా, పక్కవాళ్ళకి వినపడకుండా. "బుధవారమే చూశాను" అంది. పంచాంగం చూడ్డం నేనే నేర్పానండి దానికి. ఎనిమిదో ఏట. ఒళ్ళో కూచోబెట్టుకుని.

"మరి అప్పుడే అనలేదేమే?" అన్నాను.

"అమ్మ ముందు మీ మాట తప్పని ఎలా అంటాను? ప్రస్థానం పెడుతున్నారుగా, సరిపోతుందిలే అనుకున్నాను. సంచీ మీ చేతికేగా ఇచ్చాను" అంది.

అంతే. కోప్పడలేదు. వెంకటరత్నం కొట్టు సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. నిమ్మకాయ చేతిలో పెట్టి, "ఎక్కండి, డ్రైవరు పిలుస్తున్నాడు" అంది. నేను మీ ప్యూనుని తోసుకుని లోపలికి దూకింది అందుకండి. మండపేట నుంచి ఇక్కడిదాకా ఒకటే అనుకున్నాను, ఎలాగైనా దాన్ని ఆ మిషను ముందు కూచోబెట్టాలని.

కుదరలేదు. పోనీలెండి.

ఏంటీ? ఇంకోటా? రెండు నెలల్లో ఇంకో ఖాళీ ఉందా? నిజంగానా, నన్ను ఊరడించడానికి అంటున్నారా? మీ రైటరుగారు రిటైరవుతున్నారా. ఉత్తరం పంపిస్తారా! చల్లగా ఉండాలండి మీరు. ఏ రోజు పెడతారు? మంగళవారమా... మంగళవారమేనా?

అబ్బే, ఏం లేదండి, నోరు అలవాటు. మంగళవారమే పెట్టండి. అమావాస్య నాడు పెట్టినా వస్తుంది.

ఒక్క మనవి మాత్రం ఉంది. ఆ ఉత్తరం మా ఇంటికి పంపకండి. మా పోస్టుమాన్ చంద్రరావుకి నేనంటే గురి, ఎవరి ఉత్తరమైనా తెచ్చి నా చేతికే ఇస్తాడు. ముక్తేశ్వరంలో అది నేర్చుకున్న టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఆ అడ్రసుకి వెయ్యండి. దాని పేరు ఒక్కటే రాయండి, ఫలానావారి కుమార్తె అని నా పేరు తగిలించకండి. ఇదిగో, ఈ కాయితం మీద రాసుకోండి, నేను చెబుతాను.

మనసు మారిందిగా, ఇంకెందుకంటారా? ఇవాళ మారింది. ఇవాళ దాని మొహం చూశాను కాబట్టి మారింది. రెండు నెలలంటే చాలా రోజులండీ. పొద్దున్నే రేవుకెళతాను, ఆ నలుగురూ నవ్వుకుంటూ పడవెక్కుతారు, మళ్ళీ ఏం బుద్ధి పుడుతుందో నాకు తెలియదు. నా చేతికి మాత్రం ఇవ్వకండి.